గనుక

గ్రీకులో ఆ సువార్త 'గనుక' దగ్గర ఆగిపోతుందని
రాజమండ్రి సెమినరీలో మాకు చెప్పినాయన
చాక్‌పీసు కింద పెట్టి చేతులు దులుపుకున్నాడు,
ఏటి మధ్యలో పడవ దిగిపోయినట్టు.

ఆ మాటే పట్టుకుని
ఈ బుధవారం పంటు దాటి వచ్చాను.
సంచిలో మూడు వ్యాఖ్యానాలు, ఒకటి అరువుది.
ముమ్మిడివరం అవతల, ఏటికీ సముద్రానికీ
సరిహద్దు పేచీ తేలని ఊరు.
కరెంటు లేదు. రొయ్యలకు మాత్రం
జనరేటరు మీద గాలి అందుతోంది.

చాపల మీద పదకొండు మంది ఆడవాళ్లు.
ఫోను లైటు పుస్తకం మీదికి వంచి చెప్పాను:
పొద్దు పొడిచే వేళకు ముగ్గురు సమాధికి వెళ్లారు.
రాయి దొర్లి ఉంది. వాళ్లు వెతికిన మనిషి లేడు.
లేచాడు, వెళ్లి చెప్పండి అంటే
వణుకుతూ పరుగెత్తారు, ఎవరికీ చెప్పలేదు.
పాత ప్రతుల్లో కథ అంతే.
ఆ పైన ఉన్న పన్నెండు వచనాలు
తర్వాతెవరో ఉండబట్టలేక పోసిన గట్టు.

"ఎవరికీ చెప్పకపోతే మరి
మనకెలా తెలిసింది?" అని అడిగాను,
జవాబు నా సంచిలో ఉందన్న ధీమాతో.
అది సెమినరీ జబ్బు.

ఇంకో చిక్కుంది మనకు.
తెలుగులో కారణం ముందు నడుస్తుంది, క్రియ వెనక వస్తుంది.
వాళ్ల భాషలో భయం దగ్గర ఆగిన కథ
మన భాషలో మౌనం దగ్గర ఆగుతుంది.
ఏది అసలు చివర?
నేనింకా ఆ గ్రీకు మాట పలుకుతూనే ఉన్నాను,

గోడవార నుంచి పాలేపు సలోమి:
"ఆ ముగ్గురిలో నా పేరామె ఉంది గదయ్యా.
ఇనండి మరి.
తుపాను తెల్లారి మేమూ ముగ్గురవే ఎల్లాం.
మడ చెట్టుకి ఆడి చొక్కా చిక్కుకునుంది.
గుండీలన్నీ పెట్టే ఉన్నాయి.
లోన మనిషి లేడు.

ఒకల మొగం ఒకలం సూసుకోకుండా వొచ్చేశాం.
అత్తకి సెప్పలేదు.
ఆరు రోజులు కొడుక్కి కంచం పెట్టింది ఆవిడ.
ఆ కంచం నేనే తీసి కడిగేదాన్ని.
ఏడో రోజు ఆవిడే అడిగింది,
చొక్కా ఏడ దాసేవే, అని."

"వీళ్లది మంచి వార్త కదమ్మా" అన్నాను.
అనకుండా ఉండాల్సింది.

"దానికే ఎక్కువ భయం.
సచ్చిపోయాడంటే ఊరంతా నమ్ముద్ది.
బతికాడని సెప్పాలంటేనే నోరు పెగలదు."
కాసేపాగి, కొంగుతో దోమల్ని తోలుకుంటూ,
"ఆ రాసినాయన ఆళ్ల పక్కన కూకునే రాసుంటాడు.
ఆళ్లు ఆగిన కాడ ఆయనా ఆగాడు."

ఆఖరి పంటు వెళ్లిపోయింది.
చర్చి వరండాలో పడుకున్నాను, సంచి తల కింద పెట్టుకుని,
అరువు పుస్తకం అంచు చెవికి గుచ్చుకుంటుంటే.
ఆ పన్నెండు వచనాల ఎదుట నోట్సులో
ఏమీ రాయలేదు,
చీకట్లో అవతలింట ఎవరో
కంచం కడుగుతున్నారు గనుక