మీటరు సందు

బలగ దగ్గర నూట అరవై గజాలు.
ముందర ముప్పయ్యడుగుల రోడ్డు, కాగితం మీద.
టేపు పట్టి కొలిస్తే ఇరవై రెండు.
తరుగు ఎనిమిదిలో నాలుగు మీ వాటా అన్నాడు
టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజరు,
నా నల్ల గీత మీద తన ఎర్ర గీత పెట్టి.

బిల్డరు పొన్నాన గవరయ్య
రోడ్డుకి ఒగ్గేసిన ఆ నాలుగడుగుల్నీ
నా గదుల్లోంచి రాబట్టాలనుకున్నాడు.
"అడుగు నాలుగువేల ఐదొందలు పలుకుతోందమ్మా.
నువ్వు ఖాళీ అంటావు,
నాకు గుండెల్లో కలుక్కుమంటాది."

వాస్తు చెప్పే ఆయన ఇంకొకడు.
మెట్లు ఎక్కడ ఉండకూడదో చెప్పాడు,
ఎక్కడ ఉండాలో మాత్రం చెప్పకుండా
టీ తాగి వెళ్ళిపోయాడు.

ఇంతమంది కాదన్నాక
మిగిలినంతే నా కాగితం.

మాది పొందూరు.
మా అమ్మ వాలుగ చేప దవడతో పత్తి దువ్వేది.
మా అయ్య మగ్గం ఎంత వెడల్పో బట్ట అంతే.
ఇంకో జానెడు ఉంటే బాగుణ్ణని
ఆయన అనగా నేను వినలేదు.
అంచు దగ్గరకొచ్చేసరికి మాత్రం
ఆసు చెయ్యి నెమ్మదించేది.

నేనూ అంచు దగ్గరే ఆగాను.
చుట్టూ వదిలి తీరాల్సిన మీటరు సందు.
అందులో ఎవరైనా ఏం పెడతారు?
పగిలిన బకెట్లు, ఏసీ డబ్బాలు, పక్కింటివాళ్ళ మీద కోపం.
కానీ దక్షిణపు సందు
సరిగ్గా నాగావళి వైపు నోరు తెరిచి ఉంది.
మధ్యాహ్నం నాలుగయ్యేసరికి
ఏటి మీంచి తడిగాలి వచ్చి, దారి లేక
గోడ తట్టి వెనక్కి పోతోంది.

మెట్లని తీసుకెళ్ళి ఆ సందు చివర నిలబెట్టాను.
మెట్ల గోడకి ఇటుక విడిచి ఇటుక.
గవరయ్యతో గాలి మాట ఎత్తలేదు.
"సగం ఇటుకలు మిగుల్తాయి" అన్నాను.
సంతకం పెట్టేశాడు.

అన్నీ కుదిరాయని అనను.
కారు తిరగడానికి అడ్డమొచ్చే స్తంభం
అడ్డంగానే ఉంది.
మూడో అంతస్తులో ఒక గదికి
మంచం వేశాక తలుపు సగమే తెరుచుకుంటుంది.
ఆ ఇంటావిడ నన్ను చూస్తే పలకరించదు.
పలకరించకపోవడమే న్యాయం.

మొన్న అటు వెళ్ళాను.
మోకాలెత్తున కట్టిన ముందుగోడ మీద గంప దించి
చేపలమ్మే ఎర్రమ్మ నడుం నిమురుకుంటోంది.
రోడ్డు వెడల్పు చేసే దాకా ఆ గోడ ఆమెదే.
పైన, రెండో మలుపులో,
ఇటుకల కన్నాల్లోంచి పడిన ఎండ ముక్కల మీద
పుస్తకం జరుపుకుంటూ ఒక పిల్ల ఎక్కాలు రాస్తోంది.
ఏ ఫ్లాటు దస్తావేజులోనూ లేదు ఆ మలుపు.

కింద గవరయ్య గొంతు, కొనడానికొచ్చినవాళ్ళతో:
"గాలి సూడండి బాబూ, ఊరికే రాదు.
అందుకే అడుక్కి రెండొందలు ఎక్కువ."

నన్ను చూసి నవ్వాడు.
గుజరాతీపేటలో ఇంకో ప్లాటు కొన్నాడట,
దీనికన్నా సన్నం.
"ఈసారి ఆ సందు కూడా కొలిసేద్దుమేటి?"

ఇంటికొచ్చి కాగితం పరిచాను.
గాలి సంగతి ఆయనకి తెలిసిపోయింది.
ఈసారి వెలుతురుని
ఏ పేరు పెట్టి దాచాలో
ఇంకా తోచలేదు.