విరిగిన చోటు

సుంకి ఘాటీ ఏడో మలుపు దగ్గర
గోడ ఉండాల్సిన చోట సున్నం కొట్టిన రాళ్లు నాలుగు.
మూడోది లేదు.
దాని గుంతలో నిన్నటి వాన,
వాన మీద ఆయిలు, ఆయిల్లో నెమలి రంగులు.

పొట్టంగి ఠాణాలో ఎస్సై కాగితం చేతికిచ్చాడు.
ఒడియా గుండ్రటి అక్షరాలు ఒక్క ముక్కలో తేల్చేశాయి:
డ్రైవరు తాగి ఉన్నాడు.
ఎవరు చూశారు, అన్నాను.
సంత రోజు కదా సార్, అన్నాడు.
అంతే సాక్ష్యం.

నేను మనుషుల్ని పరీక్షించను, ఇనుముని పరీక్షిస్తాను.
ఇనుము అబద్ధమాడదని మా ప్రొఫెసరు అనేవాడు.
ఆడుతుంది.
కడిగి, ఆరబెట్టి, పక్కనుంచి లైటు వేసి
ఓపిగ్గా అడిగితేనే ఒప్పుకుంటుంది.

తాడు పట్టుకుని లోయలోకి దిగాం,
నేనూ, పాంగి సుక్రా అనే కుర్రాడూ.
జీపు మంగలి కుర్చీలా వెనక్కి వాలి ఉంది.
చుట్టూ అల్లం, చింతపండు బుట్టలు, ఒంటి రబ్బరు చెప్పు,
ఎవరిదో కొత్త అల్యూమినియం గిన్నె,
దానికి సొట్టయినా పడలేదు.

స్టీరింగు తిప్పాను.
గింజల్లేని తిరగలిలా గిర్రున తిరిగింది.
ముందు చక్రాలకు ఆ కబురు అందలేదు.

డ్రాపార్మ్ రెండు ముక్కలు.
కలిపి చూడబోయాడు సుక్రా, చెయ్యి పట్టుకుని ఆపాను.
అందరూ అదే చేస్తారు, అతికి చూస్తారు,
చెప్పాల్సినదంతా ఆ రాపిడిలో అరిగిపోతుంది.
విడివిడిగా గోనెలో చుట్టించాను,
కవల పిల్లల్ని చుట్టినట్టు.

రాత్రి సెమిలిగూడ లాడ్జిలో
దీపం వంచి, పది రెట్ల అద్దంలోంచి చూశాను.
గీతలు.
ఎండాకాలం కొలాబు డ్యాము తగ్గుతూ తగ్గుతూ
ఒడ్డున వదిలే గీతల్లాంటివి.
ఒక్కో గీతా ఒక్కో సంత అనిపించింది,
కోర్టులో మాత్రం అలా అనను.
గీతలన్నీ వెనక్కి నడిచి ఒకచోట ఆగాయి,
చోడి గింజంత వెల్డింగు బొట్టు దగ్గర.
కొత్త ఆర్మ్ పద్దెనిమిది వందలు,
సాలూరు షెడ్డులో అతుకు నూట యాభై.
ఓనరు లెక్క తప్పలేదు,
ఆరేళ్లు నడిచింది.

విరిగిన ముఖమంతా వేయించిన కాఫీ గింజ రంగు, పాత తుప్పు.
ఒక్క అంచున మెరుపు, నా చిటికెనవేలి గోరంత.
ఆ పొద్దున్న పదిహేడు మందిని
ఘాటీలో ఆరు మలుపులు దింపింది
ఆ గోరే.

మర్నాడు గొల్లోరి సొనాధర్ భార్య వచ్చింది.
రైమొతి. సాలూరు బజారులో నేర్చిన తెలుగు.
తాగేడా అని అడగలేదు.
బ్రేకు తొక్కేడా? అంది.
నలభై ఒక్క అడుగులు, అన్నాను.
రోడ్డు మీద టైరు మసి, టేపు పట్టి కొలిచాను.
గేరు రెండులో ఉంది.
బలమంతా పెట్టి తొక్కాడమ్మా,
తిప్పడానికే చేతిలో ఏమీ లేదు.
ఆమె గుమ్మం నుంచి బోరింగు దాకా
అడుగులు వేసుకుంటూ వెళ్లింది.
ముప్పై దగ్గర బోరింగు అడ్డొచ్చింది.
చుట్టు తిరిగి, మిగతా పదకొండూ వేసి
అక్కడ నిలబడింది.

ఫారంలో ప్రమాద కారణానికి ఒకటే గీత ఖాళీ.
అలసట, అని రాశాను.
ఎస్సై చదివించుకుని తలెత్తాడు:
డ్రైవరుదా?
ఇనుముది.
నవ్వాడు, నవ్వుతూనే సీలు వేశాడు.

సాలూరు దిగే జీపులో చివరి సీటు దొరికింది.
ఎక్కే ముందు గోనె కింద పెట్టి
మోకాళ్ల మీద వంగి చక్రాల మధ్యకు చూశాను.
బురద, గ్రీజు, చీకటి.
ఏటి సార్, డబ్బులు పడిపోనాయా?
పైనుంచి డ్రైవరు గొంతు.
ఎక్కండి, టైమైపోతంది.
లోపల పద్దెనిమిది మంది జరిగి
నాకు చోటిచ్చారు.