బోర్లేసిన ఫ్లెక్సీ

హనుమకొండల మా ప్రింటింగ్ దుకాణం
మూడు రాత్రులు నిద్రపోలేదు.
మిషన్ నోట్లెకెల్లి
నవ్వుడు తప్ప ఏం తెల్వని ముఖాలు
గజాల లెక్కన బయటికొచ్చినయి.
నాలుగో పొద్దున ఒక ముఖం పార్టీ మారింది.
కండువా రంగు మార్చి మళ్ళ కొట్టుమన్నరు.
కొట్టిన.
పాతది చుట్టి సంకల పెట్టుకొని
ఓదెలు బండెక్కి తాడ్వాయి తొవ్వ పట్టిన.

ఓదెలుతోటి పదిహేనేండ్ల సోపతి.
ఆర్నెల్ల సంది మాత్రం
మాట మాటకూ పల్లేరుకాయలే.
ఏదో పోస్టు పెట్టిండని
వాళ్ళ తమ్ముణ్ణి ఠాణాల కూసోబెట్టిన రాత్రి
నేను ఫోనెత్తలేదు.
దుకాణముండె, గిరాకీ ఉండె, భయముండె.
ములుగు దాటేదాకా
ఇద్దరి నడుమ గాలే మాట్లాడింది.

వాగొడ్డున గుడారమేసినం.
ఇసుక చెమ్మ తగలకుండ కింద ఫ్లెక్సీ పరిచినం,
ముఖం నేలకు, తెల్లటి వీపు మాకు.

అక్కడ అడివి నిలబడి లేదు, పండుకొని ఉంది.
ఎప్పటిదో పెద్దగాలి
మానులన్నిటినీ ఒకే దిక్కుకు దువ్వి పోయింది.
ఒక నల్లమద్ది
సగం వేర్లు ఆకాశంల, సగం మట్టిల.
ఒరిగిన ఒంటి మీదికెల్లే
నిట్టనిలువుగ మూడు కొమ్మలు.
వాటికి తల్లి పడ్డ సంగతి ఎవలూ చెప్పనట్టుంది.

చీకటి పడ్డంక టార్చి వెలుగు.
"ఎవలు మీరు? ఏ పార్టోళ్ళు?"
నా గుండె జల్లుమంది.
"అన్నం పార్టీ" అన్నడు ఓదెలు, గిన్నె మూత తీసి.
వాచర్ పోదెం బుచ్చయ్య నవ్వి కూసున్నడు.
తునికి కొమ్మకొట్టుడు అయిపోయిందట.
"కొట్టకుంటే ఆకు ముదురుతది.
కొట్టినకాడ నెలా పదిహేను రోజులకు లేతది లేస్తది."
"అంటే దెబ్బ మంచిదేనా తాతా?"
బుచ్చయ్య చెయ్యి కడుక్కున్నడు.
"చెట్టునెన్నడు అడగలే బిడ్డా."

నడిజాము దాటినంక
గుడారం మీద టప్పుమని ఒకటి.
ఇంకొకటి.
ఇద్దరం ఊపిరి బిగబట్టినం.
ఎలుగుబంటా? పోలీసులా?
ఏం కాదు, ఇప్పపువ్వు రాలుతున్నది.
తియ్యటి వాసన జిప్పు సందులకెల్లి లోపలికొచ్చింది.
ఆ వాసనలనే అడిగిండు ఓదెలు:
"ఆ రాత్రి ఎందుకెత్తలేదురా?"
టప్.
"భయమైంది."
టప్. టప్.
అటు తిరిగి పండుకున్నడు.
దుప్పటి మాత్రం సగం ఇటే విడిచిండు.

తెల్లారి బుచ్చయ్య పెండ్లాం గంపతో వచ్చింది.
మట్టి అంటని పువ్వుకు ధరెక్కువంట,
చెట్టు కింద పరుచుకుంటా అని ఆ ఫ్లెక్సీ అడిగింది.
ఇచ్చినం.
ఈసారి ముఖం మీదికే వచ్చింది.
కన్ను మీద, కండువా మీద, దండం పెట్టే చేతుల మీద
పచ్చటి పువ్వులు టపటప.
"ఎవలీయన?"
ఓదెలు నా దిక్కు చూసిండు.
నేను చెప్పేలోపే ఆమె
ముక్కు మీది పువ్వులు ఏరుడు మొదలుపెట్టింది.

పస్రా కాడ సిగ్నలొచ్చింది.
నూట నలభై మెసేజ్‌లు.
దుకాణంకెల్లి పదకొండు ఫోన్లు, కొత్త ఆర్డరట.
బండి పక్కకాపమని
ఓదెలు తమ్మునికి ఫోన్ కొట్టిన.
ఎత్తలేదు.
మళ్ళ కొట్టిన.