కొక్కెం తీగ

అల్మాస్‌పేట సందులో మా కొట్టుకు బోర్డు లేదు.
లైసెన్సు కాయితం మాత్రం అద్దం కట్టించి
గోడకు తగిలించినాడు మా నాయన.
దాని మీద పడే ఎండను బట్టి పొద్దెంతయిందో చెప్తాడు.
ఎన్నికలొస్తే కడపలో తుపాకులన్నీ స్టేషన్లో జమ అవుతాయి,
ఆ మూడు నెలలూ మేం కుట్టుమిషన్లు బాగుచేస్తాం.

మొన్న రైల్వే గుమాస్తా జయశీలరావు కూతురు వచ్చింది.
మూడు వందల మీటర్ల పోటీకి పోతాదంట, పేరు లోహిత.
సంచి విప్పి బండ మీద పోసింది
పేలి ఖాళీ అయిన కేసులు, డెబ్బై మూడు.
లెక్క రాసిన పుస్తకం, పర్మిట్టు పక్కనే పెట్టింది.
"ఇవి మళ్ళీ పనికొస్తాయా, పకీరప్ప మామా?"

నాయన జవాబు చెప్పలేదు.
ఒకటి తీసుకుని బండ మీద దొర్లించినాడు.
నల్లటి నాపరాయి, మా జేజినాయన వేయించింది,
దాని ముందర బొంకులు సాగవు.
సరిగ్గా ఉన్నది నిమ్మళంగా పోయి గోడను ముట్టుకుంటాది,
వంకర ఉన్నది పెండ్లిలో తాగినోడి మాదిరి ఓ పక్కకు ఒరుగుతాది.

"ఇత్తడి మరిచిపోదమ్మా" అన్నాడు చివరికి.
"ఏ తుపాకిలో కాలిందో ఆ గది కొలత
ఒంటికి పట్టించుకుంటాది.
ఇంగోదాంట్లోకి పొమ్మంటే మొరాయిస్తాది.
అన్నీ నీ తుపాకివే అయితే మెడ మాత్రం నొక్కే డై చాలు.
పక్కోళ్ళవి కలిసినాయా, ఒళ్ళంతా నొక్కేది కావాల.
పనిలేకుండా ఒళ్ళంతా నొక్కినామంటే
నాలుగు సార్లకే అలిసిపోతాది పాపం."

డైలు అటక మీద బిస్కెట్ డబ్బాలో,
మిషను నూనె గుడ్డల్లో చుట్టుకుని పడుకోనుంటాయి.
ఒక్కోదానికి ఒక్కో పేరు.
మెడ నొక్కేది కరణం, వెంట్రుకవాసి కూడా వదలడు.
ఒళ్ళంతా నొక్కేది మొండోడు.
ఆ పొద్దు కరణాన్ని దించినాడు.

చింతపండు నీళ్ళలో నానేసి కడిగేది నేను.
ఆరబెట్టేది నేను.
తీగ మాత్రం నలభై ఏండ్లుగా నాయన వేళ్ళదే.
సైకిలు చువ్వ, కొనను గోరంత వంచింది.
కేసు లోపలికి దించి, అడుగు దాకా గీరి చూడాల.
నున్నగా వస్తే సరే.
రవ్వంత తట్టుకుందా, లోపల గాడి పడినట్టే,
ఈసారి కాకుంటే వచ్చేసారి రెండుగా తెగి
సగం తుపాకిలోనే ఉండిపోతాది.
బయటికి చూస్తే తళతళా మెరుస్తానే ఉంటాది.

యాభై ఒకటోదాన్ని నాయన మంచి పక్కన పెట్టినాడు.
నాకెందుకో మనసొప్పలేదు.
అడగకుండానే తీసుకుని తీగ దించినాను.
చిక్కుడుగింజెత్తులో,
పాము చప్పుడు విన్న కోడి మాదిరి
తీగ ఒక్క క్షణం ఆగింది.

ఏమీ అనలేదు. కేసూ తీగా ఆయన చేతికిచ్చినాను.
గీరినాడు. మళ్ళీ గీరినాడు.
వేళ్ళు చొక్కాకు తుడుచుకుని మూడోసారి.
సందులో పుదీనా అమ్మే ఆమె కేకేసుకుంటా పోయింది.
"నాకు తగల్లేదు" అన్నాడు,
లోహితతో కాదు, నాతో కాదు,
గోడ మీది లైసెన్సుతో.

పట్టకారు తీసుకుని దాని మెడ చప్పగా నొక్కి
తుక్కు డబ్బాలో వేసినాడు.
మెడ నొక్కకుండా ఏదీ మా తుక్కులోకి పోదు,
ఎవరి చేతుల్లో పడతాదో ఎవరికెరుక.
లోహిత పుస్తకం తీసి ఒక గీత కొట్టింది.

మిగిలిన ఇరవై రెండూ నా ముందరికి జరిపినాడు నాయన.
కాసేపు ఊరుకున్నాడు.
తర్వాత మంచి పక్కన వరసగా నిలబెట్టిన యాభైని
మోచేత్తో నిదానంగా నా వైపుకు నెట్టి
"ఇవి గూడా చూడు మాబున్నీ" అన్నాడు.

లోహిత స్టూలు దగ్గరికి లాక్కుంది.
తీగకు ఆయన చెమట ఇంకా అంటుకునే ఉంది.
తుడవకుండానే దించినాను.