పదకొండు నెలల మట్టి

జూన్ నెల, మల్లేశ్వరం ఎనిమిదో క్రాసు.
బుట్టలో ఊదారంగు గుండ్లు.
"ఏం పండక్కా ఇది?" అంటే తూకమేసే ఆమె
ఒకదాన్ని బోర్లించి అడుగు చూపింది:
ఇక్కడెన్ని రేకులుంటే లోపల అన్ని తొనలు.
సుధేష్ణ లెక్కపెట్టింది. ఆరు.
పగలగొట్టాం. ఆరే.
మా ఇంట్లో అంతవరకు
పైన రాసినట్టు లోపల ఉన్న వస్తువు
ఒక్కటీ లేదు.

నాది కదిరి.
మాంగోస్టీన్ అన్న మాట పలకడానికే
నాలుక నాలుగు మెట్లెక్కాలి.
గింజ ఆరితే చచ్చిపోతుందన్నారని
తడి జాకెట్టుగుడ్డలో చుట్టి తెచ్చి
ఆ రాత్రే పెరుగు డబ్బాలో పాతాను.
నలభై రోజులకి ఒక పచ్చటి మేకు
మట్టిని లోపల్నుంచి పొడుచుకుని లేచింది.

లాల్‌బాగ్ దగ్గర నర్సరీ ఆయన నవ్వాడు.
ఈ ఊరి చలికి ఇది బతకదమ్మా,
బతికినా కాయడానికి తొమ్మిదేళ్లు, పదేళ్లు,
దీనికి ఉక్కపోయాలి, ఒళ్లంతా చెమటపట్టే గాలి కావాలి.
వెళ్లబోతుంటే ఇంకో మాట అన్నాడు:
దీని గింజకి తండ్రితో పని లేదు,
తల్లి ఒక్కతే చాలు.
నేను చిల్లర లెక్కపెట్టుకుంటున్నట్టు
చాలాసేపు నటించాను.

తొమ్మిదేళ్లు.
నా సంచిలో ఉన్న అగ్రిమెంటు పదకొండు నెలలది.

డిసెంబరొస్తే మా బాల్కనీ ఒక ఆస్పత్రి.
ఇరవై లీటర్ల నీళ్ల క్యాను అడుగు కోసి టోపీ పెడతాను.
పళ్లెంలో గులకరాళ్లు, రాళ్ల సందుల్లో నీళ్లు,
పక్కన పాతకాలపు గుండు బల్బు.
దాని కోసం చిక్‌పేటంతా తిరిగాను,
ఇప్పుడన్నీ వెలుగు తప్ప వేడి ఇవ్వని దీపాలే.
బోరు నీళ్లకి ఆకు కొసలు మాడతాయి,
అందుకే మే నెల వానని బకెట్లలో దాచి
మందు పోసినట్టు మూతతో పోస్తాను.
కరెంటు బిల్లు చూసి సుధేష్ణ అంటుంది,
నేను హీటరు అడిగితే దుప్పటి కప్పుకోమన్నావ్.
నిజమే, అన్నాను.
దుప్పటి లాక్కోడానికి తనకి చేతులున్నాయి.

మత్తికెరె, ఆ తర్వాత జాలహళ్లి, ఆ తర్వాత యలహంక.
ఖాళీ చేసిన ప్రతి బాల్కనీలో
కుండీ అడుగున ఒక గుండ్రటి మరక మిగిలింది.
పెయింటింగు డబ్బుతో పాటు
దానికీ అడ్వాన్సులో పట్టుకున్నారు.
నంజుండప్పగారైతే టేపు పెట్టి కొలిచారు.
ఎందుకో కోపం రాలేదు.
ఆ ఇంట్లో మేమున్నామనడానికి
ఇంకేం మిగిలిందని.

టెంపోలో బీరువా, మంచం, గ్యాసు బండ వెనక.
చెట్టు ముందు సీట్లో, నా ఒళ్లో, చీర కప్పుకుని.
గతుకు దగ్గర డ్రైవరు బండి నిదానం చేసి
గొంతు తగ్గించి అడిగాడు,
"ఒళగె మగు ఇదెయా, మేడం?"

ఆరేళ్లయింది. నా మోకాలు దాటింది, నడుముకి రాలేదు.
ఏడాదికి రెండు జతల ఆకులు, అంతే దాని జీతం.
మూడు జతలు వేసిన ఏడు
మా ల్యాబులో సగం మందిని తీసేశారు.
గుమ్మం మీద పెన్సిలు గీతలు పెట్టొద్దన్నారని
సుధేష్ణని కుండీ పక్కన నిలబెట్టి
ఎంత పెరిగిందో చూసుకునేదాన్ని.
ఇప్పుడు నిలబడదు, సిగ్గట.

ఇవాళ బ్రోకరు ఇంకో ఇల్లు చూపించాడు.
కావేరి నీళ్లొస్తాయా అని అడగాల్సింది,
తూర్పు ఎటువైపన్నాను.
వాస్తు బాగా పట్టించుకుంటారే అని మెచ్చుకున్నాడు.
ఔనన్నాను.
"ఎన్నాళ్లుంటారు?" అంది ఓనరమ్మ.

పొద్దున్నే విప్పుకున్న ఆకుల జత గుర్తొచ్చింది.
పసిపిల్ల చెవి వెనకటి రంగు,
ఇంకా పచ్చబడలేదు,
ముట్టుకుంటే గోరు గుర్తు పడేంత మెత్తన.

పదకొండు నెలలన్నాను,
అందరూ అన్నట్టే.