కొండి లేని తేలు

మూత తీస్తానే ఖాసింబీ ఈగల్ని చూడదు.
మూత వెనకాల చూస్తాది.
గోతాం గుడ్డకూ చెక్కకూ నడాన
ఎవరెవరో కాపురముంటారు ఆడ.

వేంపల్లె దాటినాక, పాపాఘ్ని ఇసకలో
నీళ్ళకు బదులు ఎండ పారే చోట
ఓబుల్రెడ్డి చీనీ తోటలో పదకొండు పెట్టెలు.
తొమ్మిదింట్లో ఇటలీ ఈగలు, రెండింట్లో నాటువి.
పెట్టెలు ఆమెవి. పొగ డబ్బా నాది.
పిడక పొగ ఎవరికి ఊదినా
కండ్లు మండేది నాకే.

ఈ పొద్దు మూత మూలలో సాలెపురుగు,
కడుపు కింద తెల్లటి మూట.
"మా జేజి నాయన దూది ఏకినట్టే ఏకింది చూడు,
ఒక్క గింజ మిగల్లే" అని
కోడి ఈకతో మెల్లగా లేపి
కంచె కడప బండల సందులో దింపింది.
మూట కాడ ఆమె చేయి వణికింది.
తేనెటీగలు ముంజేతి మీద పాకినా వణకని చేయి.

అందరికీ ఈ మర్యాద లేదు.
మైనం తినే పురుగు కనబడితే
రెండు వేళ్ళతో పెరికి కోళ్ళకు ఏసేస్తాది.
పోయిన కార్తీకంలో రెండు పట్లు బూజు చేసి పోయినాయి అవి.
ఆ లెక్క ఇంకా తీరలేదు.

నాటు పెట్టె ముందర ఒక ఈగ
కుంటతా దిగింది.
ఎనక కాలికి ఆవగింజంత ఏదో ఏలాడతాండాది.
నేను నలిపేయబోయినా.
"ఆగు"
అరచేతిలోకి రాల్చుకొని ఎండకు పట్టింది.
తేలు!
ఎండ్రకాయ డెక్కలు రెండు ముందరికి చాపి
నన్ను బెదిరిస్తాండాది.
తోక లేదు. కొండి లేదు.
దేవుడు తేలును చేస్తా చేస్తా
అన్నానికి లేసిపోయినట్టుండాడు.
ఈగ కాలు పట్టుకుంటే చాలంట దానికి,
టిక్కెట్టు లేకుండా తోటంతా తిరిగొస్తాదంట.
లోపల కంటికానని నల్లుల్ని తింటాదో, ఊరికే ఉంటాదో
ఖాసింబీకీ తెల్దు.
"మూడేండ్ల నుంచి ఉండాది, పెట్టె బాగుండాది" అంది, అంతే.
వాకిలి చెక్క మీద పెడితే
అది ఎనక్కి ఎనక్కి నడుచుకుంటా లోపలికి పాయె.

అమాస రాత్రి వచ్చినోడు వేరే.
పిడికిలంత చిమట.
కావలి ఈగల మధ్యలో నుంచి దర్జాగా దూరి
కిచ్ కిచ్ మని అరిచింది లోపల.
టార్చి ఏసి చూస్తే దాని ఈపు మీద
మనిషి పుర్రె.
నేను నాలుగడుగులు ఎనక్కి ఎగిరినా.
"దానికేం తెలుసురా,
దాని ఈపు మీద ఏముందో" అని
చాట అడ్డం పెట్టి తరిమింది.
పొద్దున చాటకు తేనె అంటుకోనుండె.

తోటల ఆఫీసోళ్ళు ఇచ్చిన కాయితం నా జేబులో ఉంది.
పెట్టె నెంబరు, తేనె, పిల్ల పట్లు.
చివర "శత్రువులు" అని ఒక గడి, అయిదు గీతలు.
ఆమె చెప్తాది, నేను రాస్తా.
మైనం పురుగు, రాయి.
కందిరీగ, రాయి.
సాలెపురుగా? ఊహూ.
తేలు?
ఖాసింబీ నా మొగం చూసింది.
నేను పెన్ను మూసినా.

పదకొండో పెట్టె అడుగు పలక లాగినాం.
మూలలో ఒక బల్లి.
ముక్కు నుంచి తోక కొస దాకా
ఎర్రటి బంక పూసి,
నోరు తెరిచింది తెరిచినట్టే,
వాసన ఇంత కూడా లేదు.
కుట్టి చంపినాయి. మోసి పారేసేందుకు బలం చాల్లే.
చెట్టు చెట్టుకూ తిరిగి బంక తెచ్చి
ఎన్ని దినాలు పూసినాయో.
"కుట్టినోళ్ళే కఫన్ కప్పినారు"
అని ఖాసింబీ కొంగు తలమీదికి లాక్కుంది.

తీసేయమంటావా అని అడిగినా.
పలక మళ్ళీ లోపలికి తోసింది,
బల్లి కదలకుండా.

కాయితంలో ఇంకా మూడు గీతలు ఖాళీ.
పొగ డబ్బా చల్లారింది.
చీనీ పూత మీద ఈగలు ఎక్కతా దిగతా ఉండాయి.
ఏ కాలు కుంటతాండాదో
ఇంత దూరం నుంచి తెలీడం లేదు.