కామా

పందొమ్మిదేళ్లు ఆయన మాటలు నా చేతి మీదుగా వెళ్లాయి.
కాన్‌బెర్రా సభలో, బల్ల చివర,
ఏడున్నర నిమిషాలు రాసుకుని
లేచిపోవడం నా ఉద్యోగం.

లాక్‌లన్ టెరెల్ తొలి ప్రసంగం కరువు మీద.
మిగిలిన గొర్రెల్ని తండ్రి తనే కాల్చేశాడని చెబుతూ
నీళ్లు నమిలాడు.
నీళ్లు లేని ఊరి మనిషి,
ఆ నమలడమే అసలు ప్రసంగం అనిపించింది.
రికార్డులో మాత్రం కామా పెట్టాను.
నియమం అది.

తర్వాత మంత్రి. ఆ తర్వాత ప్రధాని.
తడబాటు తగ్గింది, నాకు పనీ తగ్గింది.
నదీజలాల బిల్లు నాడు
నలభై నిమిషాలు పొల్లు పోకుండా చదివాడు.
దిగువ రైతుల వాటా కోసిన పేరా దగ్గర కూడా
గొంతు తొణకలేదు.
ఆ రాత్రి టైపు చేస్తూ
ఎక్కడైనా ఒక్క కామా దొరుకుతుందేమోనని
రెండుసార్లు విన్నాను.

సొంత పార్టీ వాళ్లే దించేశారు,
మంగళవారం, కాఫీ వేళకి ముందే, నాలుగు ఓట్ల తేడాతో.
బుధవారం చిట్టచివరి వరసలో కూర్చున్నాడు.
అక్కడి మైకు ఎవరో పొట్టివాళ్లది,
ఆయన వంగాల్సి వచ్చింది.
"అధ్యక్షా" అన్నాడు.
ఆగాడు.
గోడ గడియారంలో పదకొండు సెకన్లు.
"మా ఊళ్లో నిన్న వాన పడిందట."
కూర్చున్నాడు.

పదకొండు సెకన్లకి మా దగ్గర గుర్తు లేదు.
కామా పెట్టి,
కింద ఒక వరస ఖాళీ వదిలాను.

మర్నాటి అచ్చుప్రతిలో ఖాళీ లేదు.
కామా ఉంది.